పాయకాపురంలో మేకల మంచె

ఫిబ్రవరి 9, 2025

ఈ రోజు కొలతలు తీసుకున్నాను. మా ఇంటి పక్కనున్న ఖాళీ స్థలం పెద్దమ్మది, నూరు గజాలు. వెనక మూల మేకలకు కొట్టం వేసుకోమని ఒప్పుకుంది. మేకలు ఇంకా రాలేదు. కొట్టం నిలబడ్డాకే తెస్తానని అమ్మకు ముందే చెప్పాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పనిలో ఉన్నాను, ఇరవై రెండేళ్లయింది. ఇనుప యాంగిల్ కోయడం, చెక్క పరచడం, డాలా (లారీకి దించే తలుపు) బిగించడం రోజూ చేసేదే. ఆ చేతిపనితోనే ఈ మంచె కూడా కట్టాలని ఆశ.

ఎందుకు పెట్టుకున్నానో కూడా రాసుకోవాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా కాలనీ మీద పడ్డప్పుడు మూడు రోజులు డాబా మీదే గడిపాం. ఎదురు సందులో ఒకాయనకు నాలుగు మేకలుండేవి. గుంజలకు కట్టేసి ఉన్నాయి. నీళ్లు వచ్చిన వేగానికి ఎవరూ కిందికి దిగి తాళ్లు విప్పలేకపోయారు. కాసేపు వాటి అరుపులు వినపడ్డాయి, తర్వాత వినపడలేదు. అమ్మ మైలవరం వైపు పల్లెలో మేకల మధ్య పెరిగిన మనిషి. ఆ రోజు నుంచి ఆ మాట ఎత్తని వారం లేదు. "కట్టేసిన జీవాలురా నాయనా, పైకెక్కడం వాటికి పుట్టుకతో వచ్చిన విద్య, మనమే ఎక్కనివ్వలేదు" అంటుంది.

అందుకే మా ఇంట్లో మేకలుంటే రెండే షరతులు. ఒకటి, మెడకు పలుపు ఉండదు. రెండు, మంచె మీద నుంచి డాబా మెట్ల దాకా వాటంతట అవి ఎక్కిపోయే దారి ఉండాలి.

మంచె ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. పెద్ద మేకకు పడుకోవడానికి పది చదరపు అడుగులు కావాలంటారు కాబట్టి రెండు మేకలకు ధారాళంగా సరిపోతుంది. నేల నుంచి నాలుగడుగుల ఎత్తు. వరద నీళ్లు అంతకంటే పైకే వచ్చాయి, ఆ సంగతి తెలుసు. ఈ ఎత్తు వరదకు కాదు, తేమకు. మేక ఎండకు ఓర్చుకున్నంతగా తడికి ఓర్చుకోదు.

మార్చి 2, 2025

రెండంగుళాల యాంగిల్‌తో ఫ్రేమ్ అయిపోయింది. నాలుగు మూలలా నాలుగు కాళ్లు, మధ్యలో రెండు. పైన రేకు, పడమటి వైపు వాన జల్లు కొట్టకుండా తడిక.

చెక్కల దగ్గరే ఆలస్యమైంది. మా పని షెడ్డులో విప్పిన పాత లారీ బాడీ చెక్కలు కిలోల లెక్కన తెచ్చాను. గట్టి చెక్కలు, ఇంకో పదేళ్లకు ఢోకా లేదు. కానీ వాటి మీద పొరలు పొరలుగా పాత పెయింటు. మేక చెక్కను కొరుకుతుంది, గీరుతుంది, నాకుతుంది. పాత పెయింట్లలో సీసం ఉంటుంది, నెమరు వేసే జీవాలకు సీసం విషం. రెండు ఆదివారాలు గ్రైండరు పట్టి, మూతికి గుడ్డ కట్టుకుని, కర్ర రంగు తేలేదాకా అన్నీ గీకాను. గీకిన పొడి ఒక్క చిటికెడు కూడా నేల మీద పడకుండా కింద పాత ఫ్లెక్సీ పరిచి, మూటగట్టి తీసేశాను. ఇది వదిలేయదగ్గ పని కాదు. పాత చెక్క వాడదామనుకునే ఎవరికైనా ముందు ఇదే చెబుతాను.

మార్చి 16, 2025

వచ్చాయి. మావయ్య దగ్గర నుంచి, ట్రాలీ ఆటోలో, గోనెపట్టాలు పరిచి తెచ్చాను. మూడు నెలల పిల్లలు, తల్లిపాలు మానేశాయి. రెండూ నాటు మేకలే. నల్లటి ఆడపిల్లకు నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది, చుక్క అని పేరు పెట్టాం. పోతు పిల్ల ఒళ్లంతా ఎర్ర రంగు, వాడు రాగి. పేర్లు మా అమ్మాయి పెట్టింది, ఎనిమిదో తరగతి.

ఒక్కటి చాలు కదా అని మా ఆవిడ అడిగింది. ఒక్కటి వద్దు అన్నాడు మావయ్య. మేక మందలో బతికే జీవం, ఒంటరిగా ఉంచితే రాత్రింబవళ్లు అరుస్తుంది, మేత కూడా సరిగా తినదట. రెండున్నా మొదటి రాత్రి ఊరుకోలేదు. పన్నెండింటి దాకా మే మే అని ఒకటే అరుపు. అమ్మ లేచి మంచె పక్కనే నులకమంచం వేయించుకుని పడుకుంది. కాసేపటికి అరుపు ఆగింది. పొద్దున చూస్తే రెండూ మంచె అంచుకొచ్చి, అమ్మ తల ఉన్న వైపే మూతులు పెట్టుకుని పడుకుని ఉన్నాయి.

వీధిలో మొదటి రోజే ముగ్గురు అడిగారు, ఏ పండగకని. ఏ పండక్కీ కాదు, పెంచుకోవడానికే అని చెప్పాను. నమ్మినట్టు లేరు. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెబుతాను.

మార్చి 19, 2025

పెద్ద తప్పు బయటపడింది, నాదే.

మంచె చెక్కల మధ్య సందు బొటనవేలు పట్టేంత వదిలాను, రెండు సెంటీమీటర్లు. పెంటికలు, మూత్రం కిందికి జారిపోతే పైన పొడిగా ఉంటుందని లెక్క. పెద్ద మేక గిట్టకు అది సరిపోతుందేమో. మూడు నెలల పిల్ల గిట్టను చేతిలో పట్టుకుని చూస్తే మొనవైపు ఎంత సన్నమో తెలిసింది. చుక్క ఎగిరి దూకినప్పుడు వెనక కాలి గిట్ట సందులో దిగి ఇరుక్కుంది. అది గుంజుకున్న కొద్దీ ఇంకా బిగుసుకుంది. నేను పనిలో ఉన్నాను. అమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంటే, మా అమ్మాయి కింద నుంచి వేలితో గిట్టను పైకి నెట్టి విడిపించిందట. చర్మం గీరుకుపోయింది, ఎముకకు ఏమీ కాలేదు. మెలిపడి ఉంటే కాలు విరిగేది.

వచ్చీరాగానే స్పానర్లు పట్టుకుని కూర్చున్నాను. బోల్టులన్నీ విప్పి, చెక్కలు దగ్గరకు జరిపి, అదనంగా ఇంకో చెక్క పట్టించి, సందు సెంటీమీటరు పైన కొద్దిగా ఉండేలా చేశాను. కొలతకు పన్నెండు మిల్లీమీటర్ల రాడ్డు ముక్క పెట్టుకున్నాను. అది ప్రతి సందులోనూ దూరాలి, అంతకంటే ఖాళీ ఉండకూడదు. రాత్రి పదకొండున్నర అయింది. పెంటికలు ఇప్పటికీ జారుతున్నాయి, కొన్ని ఆగితే పొద్దున చీపురుతో నెడితే సరి.

ఏప్రిల్ 13, 2025

మేక ఏదైనా తింటుందనే మాట ఎవరు పుట్టించారో కానీ, అది నిజం కాదు. మేక అన్నిటినీ మూతితో పట్టి చూస్తుంది. మనకు చేతి వేళ్లెలాగో దానికి పెదవులు అలాగ. పట్టి చూడటం వేరు, తినడం వేరు.

రోజూ ఆరింటికి దోటి పట్టుకుని బండి మీద బయల్దేరుతున్నాను. రైవస్ కాలువ గట్టు వెంబడి సుబాబుల్, అక్కడక్కడ రావి, తుమ్మ. తెలిసినవాళ్ల పెరట్లో అవిశ చెట్టు ఉంది, రెండు రోజులకోసారి కొమ్మలు ఇస్తున్నారు. అవిశ ఆకంటే రెండింటికీ ప్రాణం. సుబాబుల్ కూడా ఇష్టమే కానీ అదొక్కటే పెట్టకూడదు. అందులో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది, ఎక్కువైతే వెంట్రుకలు రాలిపోతాయి. మొత్తం ఆకులో మూడో వంతు దాటనివ్వడం లేదు. గన్నేరు ఉన్న ఇంటి గోడ పక్కకు అసలు పోనివ్వను, అది ఆకు కాదు, విషం.

మొదట మేత నేల మీద గంపలో పెట్టాను. తలలు పెట్టి కెలికి, సగం బయట పడేసి, పడినదాన్ని తొక్కి, తొక్కినదాన్ని మళ్లీ ముట్టుకోలేదు. ఆకలేస్తే అదే తింటాయిలే అని సాయంత్రం దాకా చూశాను. తినలేదు. అమ్మ నవ్వి, "మేక చెట్టు మీది ఆకు తినే జీవం, గొర్రెలాగా తల దించి తినదు. పైన కట్టు" అంది. కొమ్మల్ని మోపుగా కట్టి మంచె దూలానికి, వాటి తల కంటే కొంచెం ఎత్తులో వేలాడదీశాను. ముందు కాళ్లు గోడకు ఆనించి నిలబడి, మెడ చాచి, ఒక్కొక్క రెమ్మనే నాలుకతో చుట్టి లాక్కుంటూ గంటసేపు తిన్నాయి. కింద పుల్లలు తప్ప ఏమీ మిగల్లేదు.

పై దవడ ముందు భాగంలో మేకకు పళ్లుండవు, గట్టి చిగురే. కింది పళ్లను ఆ చిగురుకు నొక్కి ఆకును లాగి తెంపుతుంది. రెమ్మ తెగేటప్పుడు వచ్చే చిన్న చప్పుడు ఇప్పుడు మాకు పొద్దుటి చప్పుడైంది.

నీళ్ల సంగతి ఇంకా పట్టింపు. బకెట్టులో ఒక్క పెంటిక పడినా మూతి పెట్టవు. నీళ్లు తక్కువ తాగితే పోతులకు మూత్రంలో రాళ్లు పట్టే ప్రమాదం ఉంది, అందుకని రోజుకు మూడుసార్లు కడిగి నింపుతున్నాం. రాగికి తవుడు కూడా పిడికెడు మించి లేదు. తవుడులో భాస్వరం ఎక్కువ, అదీ రాళ్లకు దారి తీస్తుంది.

ఏప్రిల్ 20, 2025

గేటు గొళ్లెం చుక్క తీసేసింది. నాలుకతో, పెదవితో అటూ ఇటూ ఆడించి పైకి లేపింది, నా కళ్లతో చూశాను. అది తీసి లారీ డాలాకు వేసే గొలుసు కొక్కెం బిగించాను. పైకెత్తి, పక్కకు తిప్పి, కిందికి దించితే గానీ రాదు. వారం నుంచి ఆడిస్తోంది, రాలేదు. మనుషులు మాత్రం ఒంటి చేత్తో చీకట్లో కూడా తీయగలగాలి, వరదొస్తే తాళం చెవి కోసం వెతుక్కునే పని ఉండకూడదు. అది పరీక్షించి చూసుకున్నాను.

మే 25, 2025

ఎండలు. మధ్యాహ్నం రేకు కింద కూర్చోలేక మంచె కింద నీడలో దూరుతున్నాయి. రేకు మీద కొబ్బరి మట్టలు పరిచి, తడిక మీద తడి గోనెపట్టాలు వేస్తున్నాం. మేత పొద్దున్నే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి.

టీకాలు అయ్యాయి. పీపీఆర్‌కు (మేకల ప్లేగుకు) ఒకటి, మూడేళ్ల దాకా కాపాడుతుందన్నారు డాక్టరు గారు. చిటుక రోగానికి వేరే టీకా, అది ఏటా వానల ముందు వేయించాలి. చిటుక రోగం అనే పేరు ఎందుకొచ్చిందో అమ్మ చెప్పింది, చిటికె వేసినంతలో ప్రాణం పోతుందని. సాయంత్రం ఎగిరిన పిల్ల పొద్దునకు ఉండేది కాదట. నట్టల మందు కూడా తాగించారు. కంటి కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి చూడటం నాకు నేర్పారు. లోపల ఎర్రగా ఉంటే మంచిది, పాలిపోయి తెల్లబడితే కడుపులో రక్తం తాగే నట్టలు ఉన్నట్టు. ప్రతి ఆదివారం చూసి ఇందులో రాస్తున్నాను. ఈ వారం రెండూ ఎరుపే.

రాగికి విత్తులు కొట్టించాం. కోత లేదు, బయట నుంచే నరాలు నొక్కే పట్టకారు ఉంటుంది. మరీ పసితనంలో చేయిస్తే మూత్రనాళం సన్నగా ఉండిపోతుందని ఇన్నాళ్లు ఆగమన్నారు. ఆ రోజంతా వాడు ఎవరి మొహం చూడలేదు. నాకు కష్టంగానే అనిపించింది. కానీ చెయ్యకపోతే తోడబుట్టిన ఆడపిల్లతో కలిపి ఉంచలేం. పైగా పోతు ఎదిగాక తన గడ్డం మీద, కాళ్ల మీద తనే మూత్రం పోసుకుంటుంది, ఆ వాసన ఇళ్ల మధ్య భరించలేరు.

జూలై 13, 2025

దారి అయిపోయింది. మంచె మీద నుంచి మా ఇంటి బయటి మెట్ల మొదటి మలుపు దాకా ఏడడుగుల వంతెన. అక్కడి నుంచి డాబాకు పదకొండు మెట్లు.

మొదట చెకర్ ప్లేటుతో (గళ్లు ఉబ్బిన ఇనుప రేకు) చేశాను. లారీ ఫుట్‌బోర్డులకు వేసేదే, మనిషి కాలు జారదు. మేకలు దాని మీద ఒక్క అడుగు వేసి వెనక్కు వచ్చేశాయి. రోజుల తరబడి అంతే. చేతులూ మోకాళ్లూ ఆనించి నేనే పాకి చూశాను. గిట్ట మొన ఆనడానికి పట్టు లేదు, పైగా రేకు కింద బోలుగా డబడబమని మోగుతోంది. ప్లేటు తీసేసి రెండు చెక్కలు పక్కపక్కన పరిచి, ప్రతి అడుగుకూ ఒక అడ్డ పట్టీ కొట్టాను. చెక్క బిగించి సుత్తి కింద పెట్టేలోపే చుక్క నా పక్క నుంచి ఎక్కిపోయి మెట్ల మీద నిలబడింది. వెనకే రాగి.

ఎక్కడం నేర్పనక్కర్లేదు. దిగడమే రాదు. డాబా మీదికి పోయి పిట్టగోడ పక్కన నిలబడి అరుస్తాయి. దానికి అమ్మ ఉపాయం చెప్పింది. ఎండిన తుమ్మకాయలు పాలడబ్బాలో వేసి గలగలలాడిస్తే వాళ్ల ఊళ్లో మంద మొత్తం చుట్టూ మూగేదట. రోజూ సాయంత్రం డబ్బా ఆడించి, వచ్చినదానికి రెండేసి కాయలు పెడుతున్నాం. నెలలోపే డబ్బా చప్పుడు ఎక్కడ వినపడితే అక్కడికి వస్తున్నాయి, పైకైనా, కిందికైనా.

ఆగస్టు 31, 2025

నిన్నటి రాత్రి రాయాలి.

వినాయకుడి పందిట్లో అన్నదానం జరిగింది. మిగిలిన పులిహోర ఎవరో ప్రేమ కొద్దీ తెచ్చి గేటు మీదుగా పెట్టారు. చుక్క వాసన చూసి వదిలేసింది. రాగి మొత్తం తినేశాడు. నేను ఏడింటికి ఇంటికొచ్చేసరికి మంచె మూల తల గోడకు ఆనించి నిలబడి ఉన్నాడు. డబ్బా ఆడిస్తే చెవి కూడా తిప్పలేదు. ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. పళ్లు కొరుకుతున్నాడు, నెమరు లేదు.

మేక కడుపులో నాలుగు గదులు. మొదటి పెద్ద గది ఎడమ వైపు ఉంటుంది. అందులో ఆకును అరగదీసే సూక్ష్మజీవులు కోట్లు ఉంటాయి. ఒక్కసారిగా అన్నం పడితే అది వేగంగా పులిసి ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లానికి ఆ సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. వీధిలో వాళ్లకు చెప్పలేదు, అదే నా బాధ.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. మావయ్య ఊళ్లో అయితే పగటిపూట 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది, మాకు రాత్రివేళ ఆయన మాటే దిక్కు. నెమ్మదిగా అన్నీ అడిగారు. ఆయన చెప్పిన కొలత ప్రకారం తినే సోడా గోరువెచ్చటి నీళ్లలో కలిపాను. "తల పైకి వంచొద్దు, మూతి కంటి వరసకు మించి లేపొద్దు, పక్క నుంచి కొంచెం కొంచెం పొయ్యండి, మింగాకే మళ్లీ. ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం" అన్నారు. మా అమ్మాయి తల పట్టుకుంది, నేను దవడ పక్క నుంచి సూది లేని సిరంజితో పోశాను. ఒక్కో గుక్క గొంతులో దిగడం వేలితో తడిమి చూసుకుంటూ పోశాను. అరగంట పట్టింది.

తర్వాత ఎడమ డొక్క మీద చెవి పెట్టి విన్నాను. బాగున్న మేకకు నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపల ఏదో పొర్లినట్టు గుడగుడమంటుంది. వాడి కడుపులో ఏమీ లేదు. గోడకు చెవి పెట్టినట్టు ఉంది. అమ్మ డొక్కను కిందినుంచి పైకి మెల్లగా పిసుకుతూ కూర్చుంది. మధ్యమధ్యలో లేపి నాలుగడుగులు నడిపించాం. చుక్క వాడి పక్కనే నిలబడింది, మేత ముట్టలేదు.

మూడు దాటాక ఒక గుడగుడ వినపడింది. నేను భ్రమ అనుకున్నాను. అమ్మాయి చెవి పెట్టి, "నాన్నా, వచ్చింది" అంది. తెల్లారగట్ల వాడు పెద్ద త్రేన్పు తీశాడు, పులిసిన వాసన కొట్టింది. పొద్దున డాక్టరు గారు వచ్చి ఇంజెక్షన్ చేసి, రెండు రోజులు ఎండు మేత తప్ప ఏమీ వద్దన్నారు. సాయంత్రం ఆరింటికి మెడలో ఉండ పైకి రావడం కనపడింది, దవడ పక్కకు కదిలింది. వాడు నెమరు వేస్తున్నంతసేపూ ముగ్గురం చూస్తూ కూర్చున్నాం.

గేటుకు బోర్డు రాసి కట్టాను: "అన్నం, పులిహోర, రొట్టె పెట్టకండి. ప్రాణం పోతుంది. ఆకు ఇవ్వండి." ఇంటింటికీ వెళ్లి కూడా చెప్పాను. అప్పుడే వీధి పిల్లలు రావి కొమ్మలు తేవడం మొదలుపెట్టారు.

సెప్టెంబరు 21, 2025

గిట్టలు. గుట్టల్లో తిరిగే మేకకు రాళ్ల మీద అరుగుతాయి, మా చెక్క మంచె మీద అరగవు. ఆరు వారాలకోసారి కత్తిరించాలి. అంచు లోపలికి మడుచుకుని, మధ్యలో మట్టి, పెంటిక ఇరుక్కుంటోంది, వదిలేస్తే కుళ్లుతుంది. కొమ్మల కత్తెరతో పలచగా తీస్తూ, లేత గులాబీ రంగు కనపడగానే ఆపేశాను. చుక్క మొదటి కాలికి పెనుగులాడింది, నాలుగో కాలికి నెమరు వేస్తూ నిలబడింది. దొడ్లో రెండు సిమెంటు ఒరలు, నాలుగు గ్రానైటు ముక్కలు వేశాను. ఒర మీద ఎవరు నిలబడాలనే దాని మీద రోజూ కొమ్ములాట.

అక్టోబరు 29, 2025

మోంథా తుఫాను నిన్న రాత్రి తీరం దాటింది. నిన్న పొద్దున్నుంచే వాన. వాన మొదలవగానే రెండూ మంచె ఎక్కేశాయి. ముందు రోజే ఆకు కోసి ఇంట్లో ఆరబెట్టి ఉంచాను. తడి ఆకు పెడితే కడుపు ఉబ్బుతుందన్న భయం ఇంకా పోలేదు.

రాత్రి తొమ్మిదింటికి గాలి పెరిగింది, కరెంటు పోయింది. వీధిలో అందరూ గుమ్మాల్లో నిలబడి కాలువ వైపే చూస్తున్నారు. పోయినేడు గుర్తు రానివాళ్లు మా వీధిలో లేరు. అమ్మ నోటితో ఏమీ అనలేదు, డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. డాబా మీద మెట్ల గది తలుపు తెరిచి, లోపల నిలబడి ఆడించాను. గాలి హోరులో ఆ చప్పుడు నాకే సరిగ్గా వినపడలేదు. టార్చి కిందికి వేసి చూస్తే చుక్క అప్పటికే వంతెన సగంలో ఉంది. టార్చి వెలుగుకు దాని కళ్లు రెండూ పచ్చగా మెరిశాయి. మేకకు వాన అంటే అంత భయం, అయినా తడుస్తూనే వచ్చింది. రాగి ఒక అడ్డ పట్టీ దగ్గర ఒకసారి ఆగాడు, మళ్లీ కదిలాడు. ఎవరూ మోయలేదు, లాగలేదు, తాడు లేదు.

రాత్రంతా మెట్ల గదిలో గోనెపట్టాల మీద పడుకున్నాయి. బుడమేరు మా వీధికి రాలేదు.

నవంబరు 9, 2025

పొద్దున పని: వంతెన మీద మూడో పట్టీ నానిపోయి లేచింది, మార్చాను. బోల్టులకు గ్రీజు పెట్టాను. మెట్ల గది ఇరుకు, రెండూ ఇంకా ఎదుగుతాయి. డాబా ఈశాన్యం మూల ఆరడుగుల రేకు షెడ్డు వేయాలని కొలతలు తీసుకున్నాను. యాంగిల్ పని షెడ్డులో ఉంది, చెక్కలు గీకాలి. రెప్పలు చూశాను. రాగివి ఎరుపు. చుక్క కొంచెం పాలిపోయినట్టుంది, రేపు డాక్టరు గారికి చూపించాలి.